కానిస్టర్ ఫిల్టర్‌లో ఏ స్పాంజ్ వేయాలి, ఎక్కడ వేయాలి, ఎప్పుడు కడగాలి: అక్వేరియం పెంచేవారికి సమగ్ర మార్గదర్శి

కానిస్టర్ ఫిల్టర్, అంటే ట్యాంక్ బయట పెట్టే మూత బిగించిన డబ్బా ఫిల్టర్, కొనేటప్పుడు అందరూ మోటార్ గురించి, అది గంటకు ఎన్ని లీటర్లు తోడుతుందనే దాని గురించి బాగా ఆరా తీస్తారు. డబ్బా లోపల ఏం వేయాలనేది మాత్రం షాపువాళ్ళు ఇచ్చినదానికే వదిలేస్తారు. నిజానికి నీళ్ళు తేటగా ఉండడం, మోటార్ ఎక్కువకాలం మన్నడం, బయో మీడియాలో (మేలు చేసే బ్యాక్టీరియా కాపురముండే సిరామిక్ రింగుల్లాంటి వాటిలో) ఆ బ్యాక్టీరియాకు ఊపిరి ఆడేలా ఉండడం, ఈ మూడూ ఆ డబ్బాలో నీళ్ళు మొదట తగిలే స్పాంజ్‌ల మీద ఆధారపడి ఉంటాయి. మురికిని వడకట్టే ఈ స్పాంజ్‌లు, ఫ్లాస్ అనే పాలిస్టర్ పీచు, ప్యాడ్‌లనే మెకానికల్ మీడియా అంటాం.

ఏ స్పాంజ్ మంచిదని అడిగేముందు మరో ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. ఈ డబ్బాను మీరు ఎన్ని వారాలకోసారి తెరిచి కడగగలరు? మీడియా ఎంత సన్నగా ఉండాలో ఆ జవాబే తేలుస్తుంది. చేపల రకం, ట్యాంక్ సైజు, ఫిల్టర్ బ్రాండ్ అన్నీ దాని తరవాతే. వారానికోసారి తెరిచే మనిషికి అద్భుతంగా పని చేసే ఫ్లాస్, మూడు నెలలకోసారి తెరిచే ఇంట్లో రెండో వారానికే నీటి దారి మూసేస్తుంది.

మొదటి పని: నీళ్ళు ఎందుకు మసకగా ఉన్నాయో తేల్చుకోండి

మెకానికల్ మీడియా పట్టేది నీటిలో తేలే ఘనపదార్థాన్నే. చేపల మలం, తినకుండా మిగిలిన మేత, రాలిన ఆకు ముక్కలు, ఇసుక మీద నుంచి లేచిన నలుసులు దీనికి చిక్కుతాయి. ట్యాంక్ పక్కన నిలబడి టార్చ్ వేసి చూస్తే ఆ వెలుగులో నలకలు విడివిడిగా కదులుతూ కనిపిస్తే, మీకు కావలసింది మంచి స్పాంజే.

కొత్త ట్యాంక్‌లో పాలు కలిపినట్టు తెల్లగా అలుముకుంటే అది బ్యాక్టీరియా. ఒక్కొక్కటి ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉంటుంది, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. ఏ స్పాంజ్ కూడా దాన్ని పట్టలేదు. మేత తగ్గించి ఓపిక పడితే సాధారణంగా దానంతటదే పోతుంది. నీళ్ళు పచ్చగా మారితే అది ఏకకణ నాచు. దానికి వెలుతురు తగ్గించడం, యూవీ ల్యాంప్ పెట్టడం మార్గం. డ్రిఫ్ట్‌వుడ్ (అలంకారానికి ట్యాంక్‌లో వేసే చెక్క) నుంచో, బాదం ఆకుల నుంచో వచ్చే టీ రంగు నీటిలో పూర్తిగా కరిగిపోయి ఉంటుంది. యాక్టివేటెడ్ కార్బన్ దాన్ని లాగుతుంది, స్పాంజ్ లాగదు.

వానాకాలంలో మన ఊళ్ళలో ఇంకో రకం మసక వస్తుంది. కొత్త వరద నీరు వచ్చిన రోజుల్లో కుళాయి నీళ్ళలోనే సన్నని బంకమట్టి ఉంటుంది. ఆ కణాలు రెండు మైక్రాన్ల కన్నా చిన్నవి కావడంతో ఫ్లాస్ గుండా హాయిగా దాటిపోతాయి. ఆ నీటిని డ్రమ్ములో ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచి, పైన తేరిన నీటినే ట్యాంక్‌లోకి తోడుకోవాలి. ఫిల్టర్ మీద భారం వేసి లాభం లేదు.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. స్పాంజ్‌కు చిక్కిన మురికి ట్యాంక్‌లో నుంచి బయటికి పోయినట్టు కాదు. మన కంటికి కనబడదు, అంతే. ట్యాంక్ నీళ్ళు దాని గుండానే రోజంతా తిరుగుతుంటాయి. అది అక్కడే కుళ్ళి అమ్మోనియా అవుతుంది, బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. మీరు డబ్బా తెరిచి స్పాంజ్ పిండి ఆ బురద నీళ్ళు పారబోసిన రోజే అది నిజంగా ట్యాంక్‌ను వదిలి పోతుంది. అందుకే కడగడం తేలికగా ఉండే మీడియానే నా దృష్టిలో మంచి మీడియా.

రెండో పని: మీ డబ్బాలో నీళ్ళు ఏ దారిన వెళ్తున్నాయో చూడండి

ఎక్కువ కానిస్టర్లలో నీళ్ళు ముందు అడుగుకు చేరి, అక్కడినుంచి ట్రేల గుండా పైకి ఎక్కి, పైనున్న మోటార్ ద్వారా ట్యాంక్‌కు తిరిగి వెళ్తాయి. మన దగ్గర చాలామంది వాడే సన్‌సన్ ఫిల్టర్లు, ఎహైమ్ క్లాసిక్ ఫిల్టర్లు ఈ పద్ధతివే. కాబట్టి వాటిలో అన్నిటికన్నా కింది అరే మొదటి అర. ఫ్లూవల్ 07 సిరీస్‌లో పక్కన నిలువుగా ఉండే స్పాంజ్‌లను దాటాకే నీళ్ళు బుట్టల్లోకి వస్తాయి. ఓయాజ్ బయోమాస్టర్‌లో ప్రీఫిల్టర్‌కు (అన్నిటికన్నా ముందు మురికిని ఆపే స్పాంజ్‌కు) విడిగా ఒక గొట్టం లాంటి అర ఉంటుంది. మొత్తం డబ్బా తెరవకుండానే దాన్ని పైకి లాగి కడుక్కోవచ్చు. తరచుగా కడగాల్సిన భాగం అందుబాటులో ఉండాలన్న ఆలోచనతో చేసిన డిజైన్ అది, ఆ ఒక్క కారణానికే నాకు చాలా నచ్చుతుంది.

మీ మోడల్ సంగతి తెలియకపోతే ట్రేలన్నీ తీసేసి ఖాళీ డబ్బాలోకి చూడండి. నీళ్ళు లోపలికి వచ్చే గొట్టం ఎక్కడ ముగుస్తుందో అక్కడినుంచి మోటార్ దాకా వేలితో దారి గీసుకుంటే సరిపోతుంది. ఈ పని చేయకుండా ట్రేలు సర్దేస్తే సిరామిక్ రింగులకు ముందు మురికి తగిలి, స్పాంజ్‌కు ఆ తరవాత తగిలే ప్రమాదం ఉంది. అలా ఉంటే రింగుల రంధ్రాలు నెలల్లో పూడుకుపోతాయి.

మూడో పని: ఎంత సన్నటి స్పాంజ్ కావాలో నిర్ణయించండి

స్పాంజ్ ఎంత సన్ననిదో చెప్పే కొలత పీపీఐ. ఒక అంగుళం పొడవున ఎన్ని రంధ్రాలు వస్తాయో ఆ అంకె చెబుతుంది. 10 పీపీఐ అంటే రంధ్రాలు రెండు మిల్లీమీటర్ల పైన ఉండే ముతక స్పాంజ్, వేలితో తడిమితేనే గరుకుగా తెలుస్తుంది. 20 పీపీఐలో రంధ్రం దాదాపు ఒక మిల్లీమీటర్. 30 పీపీఐ మధ్యరకం. 45, ఆ పైన సన్న రకం. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది.

అయితే 10 పీపీఐ స్పాంజ్ రెండు మిల్లీమీటర్ల కన్నా చిన్న నలుసులన్నిటినీ వదిలేస్తుందని అనుకోకండి. స్పాంజ్ లోపలి దారి వంకరటింకరగా ఉంటుంది. నీళ్ళు మలుపు తిరిగిన ప్రతిచోటా నలుసులు గోడలకు అంటుకుంటాయి. కాబట్టి రంధ్రం సైజుతో పాటు మందం కూడా ముఖ్యం. ఒక సెంటీమీటర్ మందమున్న సన్న స్పాంజ్ కన్నా అయిదు సెంటీమీటర్ల ముతక స్పాంజ్ చాలా ఎక్కువ మురికిని దాచుకుంటుంది, పైగా నీటిని ఆపదు. మురికి పట్టేకొద్దీ ఆ ముతక స్పాంజే ఇంకా సన్నని వాటిని కూడా పట్టడం మొదలుపెడుతుంది. కడిగిన మర్నాటి కన్నా పది రోజుల తరవాత నీళ్ళు మరింత తేటగా కనిపించడానికి కారణం ఇదే.

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. వారానికో, పది రోజులకో డబ్బా తెరిచే అలవాటు మీకుంటే ముతక స్పాంజ్, మధ్యరకం, ఆ పైన పల్చటి ఫ్లాస్ వేసుకోవచ్చు. నెలకోసారి తెరిచేవాళ్ళకు 20, 30 పీపీఐ స్పాంజ్‌లు చాలు. ఫ్లాస్ వేస్తే నెల నిండకముందే ప్రవాహం పడిపోతుంది. రెండు మూడు నెలలకోసారి తప్ప కుదరదంటే 10 లేదా 20 పీపీఐ స్పాంజ్‌ను మందంగా వేయండి, తరవాత సన్నగా ఒక పొర 30 పీపీఐ. ఫ్లాస్ మాట మర్చిపోండి. నలుగురైదుగురు ఉండే ఇంట్లో, ఉద్యోగం, పిల్లల చదువుల మధ్య ఎవరికైనా నెలకోసారి అనేది నిలబెట్టుకోగలిగిన మాట. అందుకని ఎవరడిగినా నేను 20, 30 జతతోనే మొదలుపెట్టమంటాను.

నాలుగో పని: సరైన సరుకు తెచ్చుకోండి

అక్వేరియం స్పాంజ్ మామూలు పరుపు స్పాంజ్ కాదు. రెండూ పాలీయురెథేన్ నుంచి వచ్చినవే అయినా, అక్వేరియం స్పాంజ్‌లో గదికీ గదికీ మధ్య ఉండే పల్చటి పొరలను తొలగిస్తారు. దాంతో నీళ్ళు అన్ని వైపులా పారతాయి. సోఫా, కుషన్ ఫోమ్‌లో ఆ పొరలు మిగిలే ఉంటాయి. పైగా వాటిలో మంటలు అంటుకోకుండా వేసే రసాయనాలు కూడా ఉండవచ్చు. కొనేముందు చిన్న పరీక్ష చేయండి. ముక్కను నోటికి ఆనించి ఊదండి. గాలి అడ్డు లేకుండా అవతలికి పోవాలి. తరవాత వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నటి వల అల్లినట్టు కనిపించాలి. రంగు వేసిన స్పాంజ్ అయితే బకెట్ నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, నీటికి రంగు దిగిందేమో చూడండి. దిగితే వాడొద్దు.

ఫ్లాస్ అంటే పాలిస్టర్ పీచు. దిండ్ల షాపుల్లో రిక్రాన్ అని అడిగితే ఇచ్చేది కూడా అలాంటి పీచే. వంద శాతం పాలిస్టర్ అయి, వాసన, జిగురు, ఫంగస్ పట్టకుండా పూసే మందులు లేకపోతే అది వాడుకోవచ్చు. ఈ భరోసా లేకపోతే అక్వేరియం షాపులో దొరికే రోల్ తీసుకోవడమే క్షేమం. చేప ప్రాణం ముందు పది ఇరవై రూపాయల ఆదా లెక్కలోకి రాదు. మామూలు దూది, బూరుగు దూది అసలు వేయకండి. అవి చెట్టు నుంచి వచ్చినవి, నీళ్ళలో కుళ్ళుతాయి. కుళ్ళి ఉండకట్టి మోటార్‌లో నీటిని తోసే రెక్కల చక్రానికి, అంటే ఇంపెల్లర్‌కు, చుట్టుకుంటాయి.

పాలిషింగ్ ప్యాడ్‌లని 50, 100, 200 మైక్రాన్ల అంకెలతో అమ్ముతారు. మొక్కలు పీకి మళ్ళీ నాటినప్పుడో, ఇసుక కదిపినప్పుడో లేచిన మసకను ఒకటి రెండు రోజుల్లో లాగేయడానికి ఇవి గొప్ప పరికరం. పని అయ్యాక తీసేయాలి. ఎప్పటికీ డబ్బాలో ఉంచితే 50 మైక్రాన్ల ప్యాడ్ కొద్ది రోజుల్లోనే మూసుకుపోయి మోటార్ గొంతు పట్టేస్తుంది.

గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు గురించి చాలామంది అడుగుతారు. సబ్బు, మందు లేని అచ్చం ప్లాస్టిక్‌దైతే చక్కగా పని చేస్తుంది. పెద్ద ఆకులు, మలం ఆపడానికి మొదటి అరలో వేయొచ్చు. స్టీలు పీచు మాత్రం వద్దు. సిరామిక్ గొట్టాల్లాంటి నున్నటి రింగులను కూడా కొన్ని కంపెనీలు మొదటి అరకే ఉద్దేశిస్తాయి. ఎహైమ్ మెక్ అలాంటిదే. లోపలికి దూకే నీటి వేగాన్ని అవి విరగ్గొట్టి డబ్బా వెడల్పంతా సమంగా పంచుతాయి. రంధ్రాలున్న బయో రింగులు చూడ్డానికి ఇలాగే ఉంటాయి కానీ వాటి పని వేరు, చోటు వేరు.

అయిదో పని: డబ్బాలోకి వెళ్ళేలోపే మురికిని ఆపండి

ఈ ఒక్క పని చేసి మిగతావన్నీ వదిలేసినా మీకు సగానికి పైగా లాభం వస్తుంది. ట్యాంక్ లోపల నీళ్ళు పీల్చే గొట్టం చివర ఒక ముతక ప్రీఫిల్టర్ స్పాంజ్ తొడగండి. 10 నుంచి 20 పీపీఐ ఉంటే చాలు, వీలైనంత పెద్దది పెట్టండి. మురికిలో పెద్ద భాగం అక్కడే ఆగుతుంది. దాన్ని వారానికోసారి నీళ్ళు మార్చేటప్పుడు తీసి పిండడానికి రెండు నిమిషాలు పట్టదు. డబ్బాను తెరవాల్సిన గడువు దాంతో చాలా పెరుగుతుంది.

కరెంటు కోతలు ఎక్కువగా ఉండే ఊళ్ళలో దీనికి ఇంకో విలువ ఉంది. కరెంటు పోగానే కానిస్టర్‌లో నీటి కదలిక ఆగిపోతుంది. మూత బిగించిన డబ్బా కాబట్టి లోపల ఉన్న ఆక్సిజన్‌నే బ్యాక్టీరియా వాడుకోవాలి. డబ్బాలో కుళ్ళే మురికి ఎంత ఎక్కువ ఉంటే ఆక్సిజన్ అంత త్వరగా అయిపోతుంది. వేసవిలో ఇది మరీ కష్టం. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన కరిగే ఆక్సిజన్, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నర దగ్గరికి తగ్గుతుంది. ప్రీఫిల్టర్ స్పాంజ్ ఉంటే మురికిలో ఎక్కువ పాలు ట్యాంక్‌లోనే, గాలి తగిలే నీటిలో ఉంటుంది. డబ్బాలో బ్యాక్టీరియా ఇంకొంచెం ఎక్కువసేపు నిలబడుతుంది. కరెంటు గంటల తరబడి లేకపోతే, వచ్చాక వెంటనే స్విచ్ వేయకుండా డబ్బాలోని నిలవ నీళ్ళు పారబోసి, ట్యాంక్ నీళ్ళతో నింపి అప్పుడు నడపండి. తెరవగానే కోడిగుడ్డు కుళ్ళిన వాసన వస్తే స్పాంజ్‌లను కూడా పిండి కడగాల్సిందే.

స్పాంజ్ తీసేటప్పుడు ముందు మోటార్ ఆపండి. నీళ్ళలోనే ఒక ప్లాస్టిక్ కవరో, మగ్గో కింద నుంచి పైకి తొడిగి, దానితో సహా బయటికి తీయండి. లేకపోతే పట్టిన మురికంతా మళ్ళీ ట్యాంక్‌లో రాలుతుంది. ఇంకో హెచ్చరిక: ప్రీఫిల్టర్ మరీ సన్నగా ఉంటే, లేదా కడగకుండా వదిలేస్తే, మోటార్ నీళ్ళ కోసం బలంగా లాగుతుంది. పీల్చే వైపు ఒత్తిడి తగ్గి నీటిలో కరిగిన గాలి బుడగలుగా బయటపడుతుంది. డబ్బా లోపల గులకరాళ్ళు తిరుగుతున్నట్టు శబ్దం వస్తే మోటార్ పాడైందని టెన్షన్ పడేముందు ఈ స్పాంజ్‌ను పిండి చూడండి.

ఆరో పని: సరిగ్గా కోసి, ఖాళీ లేకుండా అమర్చండి

నీరు ఎప్పుడూ తేలిక దారినే వెతుక్కుంటుంది. స్పాంజ్‌కూ ట్రే గోడకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల సందు ఉన్నా, స్పాంజ్ కొంచెం మూసుకోగానే నీళ్ళు ఆ సందులోంచే పోతాయి. అప్పుడు ఎంత ఖరీదైన మీడియా ఉన్నా మురికి దాని పక్కనుంచి వెళ్ళి రింగుల మీద కూర్చుంటుంది.

ట్రేను కాగితం మీద బోర్లించి అంచు గీసుకోండి. లోపలి కొలత తీసుకుని దానికి చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్లు కలిపి కత్తిరించండి. ముక్క ట్రేలోకి కాస్త బిగువుగా దిగాలి, కానీ మధ్యలో ఉబ్బకూడదు. ఉబ్బితే అంచులు పైకి లేచి కొత్త సందు తెరుచుకుంటుంది. కోయడానికి కత్తెర కన్నా పొడవాటి బ్లేడున్న కట్టర్ మేలు. మందమైన స్పాంజ్‌ను కత్తెరతో కోస్తే అంచు ఏటవాలుగా వస్తుంది.

ఫ్లాస్‌ను దిండులో కుక్కినట్టు కుక్కకండి. విడదీసి, పల్చగా పరిచి, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తుకు మించకుండా వేయండి. గట్టిగా అదిమితే నీళ్ళు దానిలో ఒకటి రెండు కాలువలు తవ్వుకుని వాటిలోనే పారతాయి. రెండు రకాల అల్లికలున్న ప్యాడ్‌లు కొంటే వదులుగా ఉన్న వైపు నీళ్ళు వచ్చే దిక్కుకు ఉండాలి, గట్టి వైపు అవతలికి.

ఏడో పని: వరస

ధాన్యం జల్లించేటప్పుడు పెద్ద కన్నాల జల్లెడ ముందు, సన్న జల్లెడ తరవాత. ఇక్కడా అంతే. ముతక, మధ్యరకం, ఆ తరవాత బయో మీడియా. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఫ్లాస్ ఎక్కడ వేయాలనే దగ్గరే అభిప్రాయాలు రెండుగా చీలతాయి.

బయో మీడియాకు ముందే ఫ్లాస్ వేస్తే రింగులకు పూర్తిగా వడకట్టిన నీళ్ళు చేరతాయి, వాటి రంధ్రాలు ఎక్కువకాలం తెరిచి ఉంటాయి. ఈ మాట నిజమే. కానీ కింది నుంచి పైకి పారే డబ్బాలో ఫ్లాస్ మార్చాలంటే పై ట్రేలన్నీ తీయాలి. అంత శ్రమ ఎదురుగా కనిపిస్తే మనిషి వాయిదా వేస్తాడు. వాయిదా పడిన ఫ్లాస్ మూసుకుంటుంది, తరవాత వెనకనున్న బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. ఎహైమ్ క్లాసిక్ పాత పద్ధతిలో తెల్లటి సన్న ప్యాడ్ అన్నిటికన్నా పైన, బయో మీడియా తరవాత ఉంటుంది. మూత తీయగానే చేతికి దొరుకుతుంది. మోటార్‌లోకి ఏ ముక్కా వెళ్ళకుండా కాపు కూడా కాస్తుంది.

నా సలహా ఫ్లాస్‌ను అన్నిటికన్నా పైన ఉంచే ఈ వరసే. కింద 20, దాని మీద 30 పీపీఐ స్పాంజ్‌లు మందంగా ఉంటే రింగులకు చేరే మురికి చాలా తక్కువ. ఫ్లాస్ పైన ఉంటే మూత తీసి, పాతది పారేసి, కొత్తది పరిచి మూసేయొచ్చు. ఉన్నవి రెండే ట్రేలైతే కింది దాంట్లో సగం ముతక, సగం మధ్యరకం వేసి, పై ట్రే మొత్తం బయో మీడియాకు ఇచ్చేయండి. స్థలం చాలనిచోట వదులుకోవాల్సింది ఫ్లాస్‌నే.

ఎనిమిదో పని: ప్రవాహాన్ని కొలవండి

డబ్బా మీద రాసిన అంకె ఖాళీ ఫిల్టర్‌ది. మీడియా వేసి, గొట్టాలు బిగించి, స్టాండ్ కింద నుంచి ట్యాంక్ దాకా ఎక్కించాక వచ్చేది దానికన్నా బాగా తక్కువ. మీడియా ఎంపిక సరైనదో కాదో చెప్పే సాక్ష్యం ఈ అసలు ప్రవాహమే కాబట్టి దాన్ని కొలిచి రాసుకోవాలి.

పది లీటర్ల గుర్తు ఉన్న బకెట్ తీసుకోండి. నీళ్ళు బయటికి వచ్చే గొట్టం చివరను బకెట్‌లో పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేయండి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది: గొట్టం చివర ట్యాంక్ నీటి మట్టానికే ఉండాలి. బకెట్‌ను నేల మీద పెట్టి గొట్టాన్ని కిందికి వేలాడదీస్తే నీళ్ళు ఎత్తు నుంచి వాటంతట అవే దిగుతాయి, మోటార్‌ది కాని బలం కలిసి లెక్క తప్పుతుంది. బకెట్‌ను స్టూల్ మీద ఎత్తి పెట్టుకోండి. పది లీటర్లు నిండడానికి పట్టిన సెకన్లతో 36,000ను భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 45 సెకన్లు పడితే 800 లీటర్లు, 60 పడితే 600.

ఉదాహరణకు మూడడుగుల ట్యాంక్, అంటే 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు, అంచుదాకా నింపితే 191 లీటర్లు పడుతుంది. ఇసుక, రాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోగా 160 అనుకుందాం. మామూలు చేపలకు గంటకు నాలుగు నుంచి ఆరు సార్లు నీరు తిరిగితే బాగుంటుంది, కాబట్టి అసలు ప్రవాహం 640 నుంచి 960 మధ్య ఉండాలి.

మీడియా అంతా శుభ్రంగా ఉన్న రోజున వచ్చిన సెకన్లను డబ్బా మీదే మార్కర్‌తో రాసేయండి. వారానికోసారి మళ్ళీ చూడండి. ప్రవాహం మొదటి రోజుకన్నా మూడో వంతు తగ్గిన రోజు కడగాల్సిన రోజు. అది నాలుగు వారాలకు వస్తే మీ స్పాంజ్ మీకు సరిపోయినట్టే. పది రోజులకే వస్తే మీడియా మరీ సన్నగా ఉంది, లేదా మేత ఎక్కువవుతోంది. మూడు నెలలైనా తగ్గకపోతే సంతోషపడేముందు పక్క సందుల్లోంచి నీళ్ళు పోతున్నాయేమో తెరిచి చూడండి. స్పాంజ్ మధ్యలో శుభ్రంగా ఉండి అంచులు మాత్రమే మట్టి రంగులో ఉంటే జరుగుతున్నది అదే.

స్పాంజ్‌లు కడిగినా వేగం తిరిగి రాకపోతే గొట్టాలు చూడండి. లోపలి గోడలకు జిగట పొర పట్టి దారి ఇరుకవుతుంది. పొడవాటి తీగ బ్రష్ లాగితే పోతుంది. ఇంపెల్లర్ చుట్టూ చిక్కుకున్న పీచు, ఇసుక కూడా తీసేయండి.

తొమ్మిదో పని: బ్యాక్టీరియా చావకుండా కడగండి

స్పాంజ్‌లో కూడా మేలు చేసే బ్యాక్టీరియా బోలెడు ఉంటుంది. హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా మునిసిపల్ నీటిలో క్లోరిన్ ఉంటుంది. దాని పని బ్యాక్టీరియాను చంపడమే. అందుకని ట్యాంక్ నుంచి తీసిన నీళ్ళను ఒక బకెట్‌లో పట్టుకుని, స్పాంజ్‌ను వాటిలో ముంచి పిండండి. గోధుమరంగు బురద దిగుతుంది. రెండో బకెట్‌లో మళ్ళీ ఒకసారి. ఇంక చాలు. కొత్తదానిలా మెరిసేదాకా తోమక్కర్లేదు, సబ్బు అసలు తగలనివ్వొద్దు. ట్యాంక్ నీళ్ళు చాలకపోతే షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే సోడియం థయోసల్ఫేట్ కలిపిన కుళాయి నీళ్ళు వాడండి. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు కాబట్టి స్పాంజ్ కడగడానికి ఇబ్బంది లేదు.

ఒకే రోజు అన్నీ కడగకండి. ఈసారి ముతక స్పాంజ్, వచ్చేసారి మధ్యరకం. బయో రింగులను ఆ రోజు ముట్టుకోవద్దు. పిండిన బురద నీళ్ళు మొక్కల కుండీల్లో పోస్తే మొక్కలు చాలా బాగా పెరుగుతాయి.

ఎవరి ట్యాంక్‌కు ఏది

ఫ్లవర్‌హార్న్, ఆస్కార్, గోల్డ్‌ఫిష్ లాంటివి తినేది ఎక్కువ, వదిలేది ఎక్కువ. వీటికి ముతక స్పాంజే ప్రాణం. పెద్ద ప్రీఫిల్టర్, లోపల 10, 20 పీపీఐ మందంగా. వీటి మలం బరువుగా ఉండి త్వరగా అడుగున పేరుకుంటుంది కాబట్టి ఎంత మంచి ఫిల్టర్ ఉన్నా వారానికోసారి సైఫన్ పెట్టి లాగాల్సిందే.

మొక్కల ట్యాంక్‌లో టెట్రాలు, గప్పీలు పెంచేవాళ్ళకు మలం సమస్య తక్కువ, రాలిన ఆకుల సమస్య ఎక్కువ. 20, 30 జత వేసి, కొమ్మలు కత్తిరించిన వారం మాత్రం పైన ఫ్లాస్ పరచండి. ప్రవాహం తగ్గితే మొక్కలకు పోషకాలు, కార్బన్ డయాక్సైడ్ అన్ని మూలలకూ చేరవు, ఆ మూలల్లో నాచు మొదలవుతుంది. కాబట్టి వీళ్ళు బకెట్ పరీక్షను అశ్రద్ధ చేయకూడదు.

రొయ్య పిల్లలున్న ట్యాంక్‌లో లెక్క మారుతుంది. ఇక్కడ ప్రీఫిల్టర్ 30 పీపీఐ దాకా సన్నగా ఉండాలి, లేకపోతే పిల్లలు గొట్టంలోకి వెళ్ళిపోతాయి. సన్నది త్వరగా మూసుకుంటుంది కాబట్టి సైజు రెట్టింపు పెట్టి, వారానికి రెండుసార్లు పిండండి. స్పాంజ్ మీద పేరుకునే పొరను రొయ్యలు రోజంతా ఏరుకు తింటాయి. తీసేముందు మెల్లగా కదిపి వాటిని దిగనివ్వండి.

స్పాంజ్‌లు ఏళ్ళ తరబడి వస్తాయి. పిండి వదిలినప్పుడు తిరిగి పూర్తి ఆకారానికి రాకుండా మెత్తగా కుంగిపోతున్నా, అంచులు వేళ్ళకు పొడిపొడిగా రాలుతున్నా మార్చే సమయం వచ్చినట్టు. కొత్త ముక్కను పాతదాని పక్కనే నెల రోజులు నడిపి, దానికి బ్యాక్టీరియా పట్టాక పాతది తీసేయండి. డబ్బాలో రెండింటికీ చోటు లేకపోతే కొత్త ముక్కను ఆ నెలంతా ట్యాంక్‌లో గొట్టం మొదట్లో ప్రీఫిల్టర్‌గా తొడిగి ఉంచినా సరిపోతుంది.